ఏరువాక కడియం

అనగనగా ఒక రాజ్యం. ఊఁ కొట్టండర్రా, మీరు ఊఁ కొట్టకపోతే నా కథ అడుగు ముందుకెయ్యదు.

ఆ రాజ్యంలో కాళమ్మ అనే ముసలమ్మ ఉండేది. ఇంటి వసారాలోనే కుంపటి పెట్టుకుని రాగి కడియాలూ ఉంగరాలూ చేసేది. ఆ ఇల్లు వెనకటి రాజులిచ్చింది. దానికి ఒకటే షరతు. ఏటా ఏరువాకనాడు రాజు తొలి చాలు దున్నేటప్పుడు చేతికి రాగి కడియం ఉండాలి, దాన్ని ఆ ఇంటివాళ్లే చెయ్యాలి. కడియం చెడిన ఏడు ఇల్లు ఖాళీ చెయ్యాలి. కాళమ్మకు ఆ ఇల్లు తప్ప వేరే దిక్కు లేదు.

అందుకోసం కోట నుంచి ఒక్క రాగి ముక్కే వచ్చేది. దాన్ని ఎర్రగా కాల్చాలి, నీళ్లలో ముంచాలి, అప్పుడు సుత్తితో కొట్టాలి. అలా మూడుసార్లు. రాగి దెబ్బలు తిన్నకొద్దీ బిగుసుకుపోతుంది, మళ్లీ సెగ తగిలితేనే మెత్తబడుతుంది. ఇదంతా కాళమ్మకు వాళ్ల అత్తగారు నేర్పిన పని.

ఆ ఏడు వాన ముందే వచ్చి బొగ్గులు తడిసిపోయాయి. రెండుసార్లు ఎలాగో కాల్చింది. మూడోసారి ఎంత ఊదినా పొగే తప్ప నిప్పు లేదు. తెల్లారితే ఏరువాక. ‘ఈ ఒక్కసారికి ఏం కాదులే’ అనుకుని చల్లటి రాగినే కొట్టింది. కడియం గుండ్రంగానే వచ్చింది గాని, ఒకచోట వెంట్రుకంత పగులు పడింది. కాళమ్మ తల పట్టుకుని కూర్చుంది.

పక్కింటి సుంకమ్మ వచ్చి చూసింది. “ఇంతమాత్రానికేనా వదినా? కాస్త లక్క నింపి చింతపండుతో తోమెయ్యి. రాజుగారేం కళ్లల్లో వత్తులేసుకుని చూస్తారా?”

కాళమ్మ అలాగే చేసింది. అవును, చేసింది, నేనెందుకు దాచాలి? కడియం తళతళలాడింది. కానీ ఆమెకు మనసొప్పలేదు. ముల్లు తీసుకుని ఆ లక్కంతా గీకి పారేసింది.

“పోనీ, కోటవాళ్లిచ్చిన రాగే మంచిది కాదని చెప్పు” అంది సుంకమ్మ.

“పాపం, ఇచ్చినవాడి కొలువు పోతుంది కదే.”

“అయితే జ్వరమొచ్చిందని ముసుగుతన్ని పడుకో.”

“ఊరంతా ఎడ్లు కట్టుకుని నాకోసం చూస్తూ నిలబడాలా?”

సుంకమ్మ మూతి తిప్పుకుని వెళ్లిపోయింది.

తెల్లారాక కాళమ్మ కడియాన్నీ సుత్తినీ ఉలినీ మూటగట్టుకుని పొలానికి వెళ్లింది. మూట విప్పి రాజు ముందు పెట్టింది. “ప్రభూ, మూడోసారి కాల్చకుండా తొందరపడి కొట్టాను. పగిలింది. తప్పు నాదే.”

మంత్రి మొహం చిట్లించాడు. రాజు మాత్రం కడియం తీసుకుని తొడుక్కోబోయాడు. అది వేళ్ల కణుపుల దగ్గరే ఆగిపోయింది. ఆ ఏడు రాజు బాగా ఒళ్లు చేశాడు, ఆ మాట అనే ధైర్యం ఎవరికీ లేదంతే. ఆయన ఇంకాస్త బలంగా తొయ్యబోయాడు.

“ఆగండి ప్రభూ, పగులు దగ్గర విరిగి చెయ్యి తెగుతుంది” అంది కాళమ్మ.

“మరేం చేద్దాం అవ్వా?”

కాళమ్మ కడియాన్నీ ఆయన చేతినీ మార్చి మార్చి చూసింది. నాగలి కర్రులు సాగగొట్టే కమ్మరి కొలిమి గట్టు మీదే ఉంది. అక్కడికి వెళ్లి, ఉలితో పగులున్న ముక్కను కోసేసింది. మిగిలినదాన్ని ఎర్రగా కాల్చి, నీళ్లలో ముంచి, రెండు కొసలూ నున్నగా గుండ్రంగా కొట్టింది. ఎగ్గొట్టిన ఆ మూడో కాల్పు అలా పూర్తయింది. ఇప్పుడు కడియానికి కొంచెం ఎడం ఉంది. పక్కనుంచి మణికట్టుకు తొడిగి, మెల్లగా నొక్కింది. చక్కగా అమిరింది.

“షరతు ప్రకారం ఇల్లు...” అని నసిగాడు మంత్రి.

“చెడిన కడియం ఏదయ్యా? నా చేతికున్నది బాగానే ఉందిగా” అన్నాడు రాజు. “ఆ పగులు దాచిపెట్టి ఉంటే ఈపాటికి నా చెయ్యి తెగేది. ఇల్లు అవ్వదే. వచ్చే ఏడు నుంచి రాగితోపాటు పొడిబొగ్గులు కూడా పంపించండి.”

కాళమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. రాజు మేడి పట్టి తొలి చాలు దున్నాడు. ఆనాటి నుంచి ఆ రాజ్యంలో కడియాలన్నీ కొంచెం ఎడం ఉంచే చేస్తారు. సుంకమ్మ కూడా ఒకటి చేయించుకుంది లెండి.

చూశారా పిల్లలూ, తప్పు ఎవరి చేతిలోనైనా జరుగుతుంది. దాచకుండా ఒప్పుకున్న తప్పునే దిద్దుకోగలం.