నూకరత్నం పళ్లెం

అనగా అనగా, సముద్రం ఊరికి ఇప్పటికన్నా నాలుగు బారలు అవతల ఉండే రోజుల్లో, పడవల రేవు పక్కన తాగుడు మాన్పించే ఇల్లొకటి ఉండేదండీ. దగ్గరికి జరగండమ్మా, వెనకవాళ్లకీ వినబడాలి! ఆ ఇంట్లో గంజి కాచే మనిషి నూకరత్నం. ఆవిడ ఆస్తి ఏమిటయ్యా అంటే ఒక ఇత్తడి పళ్లెం, ఒక గరిటె, అమ్మవారి మీద కొండంత నమ్మకం.

అక్కడికి వచ్చినవాళ్లలో కొందరికి హెచ్‌ఐవీ కూడా ఉండేది. ఆ పేరు పైకి అనడానికే జనం భయపడే కాలం. "రోజుకో మాత్ర. మానకపోతే హాయిగా బతుకుతారు. మానితే అణిగిన జబ్బు మళ్లీ లేస్తుంది" అని డాక్టరమ్మ చెప్పేది. పొద్దున్నే నూకరత్నం పళ్లెం మోగించేది. టంగ్! టంగ్! టంగ్! అందరూ వచ్చి మాత్ర మింగి, వేడి గంజి తాగేవారు.

వాళ్లలో తాతారావని ఒక పడవ మనిషి. మంచివాడే, కానీ పెద్ద పొరపాటు పడ్డాడు. దీక్ష పట్టినవాడు చుక్క ముట్టుకుంటే మాల తీసేస్తాడు కదా, మాత్ర కూడా అంతే అనుకున్నాడు. తాగిన నోట్లో మాత్ర పడితే పాపం, పైగా ప్రాణానికి ముప్పు అని వాడి భయం.

ఒకసారి తాగాడు. మాత్ర మానేసి వలల పాకలో దాక్కున్నాడు. నూకరత్నం వచ్చింది. టంగ్! టంగ్! టంగ్!

"తాగేశాను పిన్నీ."

"నిన్నటి మాట నాకొద్దు, నేటి మాత్ర మింగు!"

మింగాడు.

రెండోసారి తాగాడు. ఐసు ఫ్యాక్టరీ గోడ వెనక దాక్కున్నాడు. నూకరత్నం వచ్చింది. టంగ్! టంగ్! టంగ్!

"మళ్లీ తాగేశాను పిన్నీ."

"నిన్నటి మాట నాకొద్దు, నేటి మాత్ర మింగు!"

మింగాడు.

మూడోసారి తాగాడండీ, ఇక కనబడలేదు! ఒక రోజు, రెండు రోజులు, పది రోజులు! "ఇలా ఆపుతూ పోతే మందు పనిచేయకుండా పోవచ్చు, మనిషి దక్కడు" అంది డాక్టరమ్మ. అంతే! నూకరత్నం కొంగు బిగించి, పళ్లెం మోగిస్తూ రేవంతా తిరిగింది. జబ్బు పేరు ఒక్క ముక్క అనలేదు సుమా! చివరికి తిరగేసిన పడవ కింద దొరికాడు. ఒళ్లు పెనంలా కాలిపోతోంది.

"పో పిన్నీ. మూడుసార్లు మాట తప్పినోణ్ణి. నాకెందుకు మందు?"

చేపలమ్మే ఆడవాళ్లు చుట్టూ మూగారు. నూకరత్నం నడుం మీద చెయ్యి పెట్టింది.

"ఒరే, మొన్న జాతరలో అమ్మవారికి కల్లు సాక పోసిందెవడు?"

"నేనే."

"మరి కల్లు పుచ్చుకున్న ఆ తల్లి మర్నాడు ఊరిని కాయడం మానేసిందా? పొద్దు పొడవలేదా? పడవలు ఒడ్డుకి రాలేదా?"

వాడు లేదన్నట్టు తల ఊపాడు.

"ఆ తల్లే మానలేదు, నువ్వు మానేస్తావా? అమ్మవారికన్నా ఎక్కువ మడి కట్టావేంట్రా!"

ఆడవాళ్లంతా ఒక్కసారి గొల్లున నవ్వారు! తాతారావూ నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ ఏడ్చాడు. నలుగురు ఆడవాళ్లు వాణ్ణి వలలో పడుకోబెట్టి, పల్లకీలా మోసుకుని పరుగెత్తారు! డాక్టరమ్మ పరీక్షలు చేసి, "బతికావయ్యా, మందు ఇంకా పనిచేస్తుంది" అంది. వాడు మళ్లీ మాత్ర మింగాడండీ, మింగాడు!

లేచి నడిచిన రోజు పొద్దున్న నూకరత్నం గరిటె వాడి చేతిలో పెట్టింది.

"నేనా? అందరిలోకీ ఎక్కువ జారింది నేనే కదా పిన్నీ!"

"అందుకే నువ్వు కొట్టు. ఇంకా దాక్కున్నవాళ్లు వింటారు."

టంగ్! టంగ్! టంగ్! ఆ పూటే ఇద్దరు తలలు వంచుకుని గుమ్మంలోకి వచ్చారు.

నూకరత్నం ముసలిదై కన్నుమూసింది. మర్నాడు పళ్లెం మోగలేదు. అందరూ మంచాల మీదే కూర్చుండిపోయారు. అప్పుడు తాతారావు లేచాడు. జుట్టంతా నెరిసిపోయింది, కానీ మనిషి రాయిలా ఉన్నాడు. గరిటె అందుకున్నాడు.

ఇప్పటికీ ఆ రేవులో అదే ఆచారం. పొద్దున్నే పళ్లెం మోగుతుంది. ముందుగా మోగించేది ఎవరో తెలుసా? నిన్న జారినవాళ్లు! ఎందుకు తాగావని ఆ క్షణాన ఎవరూ అడగరు. అందరూ గొంతు కలిపి ఒక్క మాటే అంటారు. ఏదీ, మీరూ అనండి, నూకరత్నం తల్లికి వినబడాలి:

"నిన్నటి మాట నాకొద్దు, నేటి మాత్ర మింగు!"