కింది వాటా తూము

ఆదివారం ఉదయం ఐదూ నలభైకి సామ్రాజ్యం బాత్‌రూమ్ గడప దగ్గర చతికిలబడి, తలుపు కింది సందులో పాతచీర ముక్కలు కుక్కుతోంది. పై వాటావాళ్లు ఆరింటికి లేస్తారు. వాళ్ల స్నానాలూ, వంటింటి పనులూ మొదలయ్యేసరికి కింద బాత్‌రూమ్‌లో నీళ్లు పోవాల్సిన తూములోంచి నల్లటి నీళ్లు పైకి ఉబుకుతాయి. గుడ్డలు గట్టిగా కుక్కితే అక్కడే ఆగుతాయి. లేకపోతే వసారా దాటి వంటింట్లోకి వస్తాయి.

ఇల్లు చీరాలలో ఉంది. మామగారు కట్టించింది. అన్నదమ్ములు పంచుకున్నప్పుడు పై వాటా పెద్దవాడు పిచ్చేశ్వరరావుకీ, కింది వాటా సామ్రాజ్యం భర్త శ్రీమన్నారాయణకీ వచ్చాయి. గోడలు, మెట్లు, డాబా, పెరట్లో కొబ్బరిచెట్టు, అన్నీ పేరుపేరునా చెప్పుకుని పంచుకున్నారు. నేల కింద ఉన్న గొట్టం మాత్రం ఎవరికీ గుర్తు రాలేదు. పెరట్లో మురుగునీళ్లు చేరే చాంబరు నుంచి వంటింటి కిందుగా వీధి కాలవదాకా మామగారు వేయించిన సిమెంటు గొట్టాలే రెండు వాటాలకూ దిక్కు. అవి కుంగి, పగిలి, కొబ్బరిచెట్టు వేళ్లు దూరి చాలాకాలమైంది. ప్లంబరు బాజీ వెదురుబద్దతో పొడిచినన్నాళ్లు పొడిచి, చివరికి చేతులెత్తేశాడు.

"పొడిస్తే పోయేది కాదమ్మా. వంటింటి గచ్చు తవ్వి లైను మొత్తం మార్చాల్సిందే" అన్నాడు. గొట్టాలకీ, కూలికీ, తవ్విన గచ్చు మళ్లీ వేయడానికీ కలిపి లక్షా పాతికవేలు చెప్పాడు.

సగం అడగడానికి శ్రీమన్నారాయణ మెట్లెక్కాడు. ఎక్కినంతసేపు పట్టలేదు, దిగి వచ్చాడు.

"ఏమన్నారు?" అంది సామ్రాజ్యం.

"పైన నీళ్లు బాగానే పోతున్నాయంట."

"పోతాయి. ఎక్కడికి పోతున్నాయో మీరు చెప్పలేదా?"

"గొట్టం మన నేలలో ఉంది కాబట్టి ఖర్చు మనదేనంట. డాబా కారితే నిన్ను అడిగానా అన్నాడు."

"దానికి మీరేమన్నారు?"

శ్రీమన్నారాయణ చొక్కా విప్పి కొక్కేనికి తగిలించాడు. అన్నకి ఎదురు చెప్పడం అతను ఎప్పుడూ నేర్చుకోలేదు.

సామ్రాజ్యానికి ఆగే వీలు లేదు. కూతురు హిమబిందుకి తొలి కాన్పు. ఏడో నెలలో తీసుకురావాల్సిన పిల్లను ఏదో ఒకటి చెప్పి ఆపుతూ వచ్చింది. ఇక ఆపలేక, కాన్పు దగ్గర పడుతోందని బావగారి చెవిన వేయించింది. "అయితే అత్తారింట్లోనే ఉంచుకోమను, వాళ్లది కొత్త ఇల్లేగా" అని తోటికోడలి చేత జవాబు వచ్చింది. తొలి కాన్పుకు కూతుర్ని గడప ఎక్కించుకోని తల్లి అని వియ్యాలవారు అనుకోవడానికి ఇంతకంటే ఏం కావాలి? ఆ రోజు నుంచి కోపం ఆమెను అన్నం దగ్గరా వదల్లేదు, నిద్రలోనూ వదల్లేదు.

ఆ కోపంతోనే కిందటి ఆదివారం పైకి వెళ్లింది. పిచ్చేశ్వరరావు హాల్లో వారం వారం సత్సంగం జరుగుతుంది. దానికి గురువు చెంచురామయ్య. పూర్వం మగ్గం నేసినవాడు, ఇప్పుడు డెబ్భై దాటినవాడు. ఆయనకో అలవాటు ఉంది. అడిగిన ప్రశ్నకు అడిగినచోట జవాబు చెప్పడు. ఆ ప్రశ్న పుట్టినచోటు చూపించమని, అక్కడికి వెళ్లి కూర్చుంటాడు. బట్టలకొట్టు ఆసామి ఒకాయన మనసు నిలకడగా ఉండటం లేదని అడిగితే, ఆయన కొట్లో మధ్యాహ్నందాకా కూర్చుని మాట్లాడకుండా లేచి వచ్చాడు. ఆసామి మనసు నిలిచిందో లేదో తెలియదు. కొట్లో మీటరు కర్ర మారిన సంగతి మాత్రం ఊళ్లో అందరికీ తెలుసు.

"కోపం చంపుకోవాలంటారు గదా గురువుగారూ, ఎట్లా చంపుకోవాలి?" అని సామ్రాజ్యం అడిగింది.

గురువు నోరు తెరిచేలోపే పిచ్చేశ్వరరావు అందుకున్నాడు. "మా మరదలికి కాస్త నోరెక్కువ గురువుగారూ. శాంతం అంటే ఏమిటో మీరే చెప్పాలి."

"ఎక్కడ వస్తుంది తల్లీ, ఆ కోపం?" అన్నాడు గురువు.

"కింద, మా బాత్‌రూమ్‌లో."

హాల్లో అందరూ నవ్వారు. గురువు నవ్వలేదు. "వచ్చే ఆదివారం నా స్నానం అక్కడే" అన్నాడు.

ఆ ఆదివారమే పిచ్చేశ్వరరావు ఏటా చేసే గురుపూజ. వంటవాళ్లు తెల్లవారకముందే పైకి చేరారు. హిమబిందుకి శుక్రవారం ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు. గురువారం పంపిస్తామన్నారు. పుట్టింటికి కాకపోతే ఇంకెక్కడికని ఆస్పత్రిలో వియ్యపురాలు అందరి ఎదుటా అడిగింది. ఇంటికి తెచ్చుకుంటానని మాట ఇచ్చి వచ్చిన సామ్రాజ్యం ఇక్కడ కూర్చుని గుడ్డలు కుక్కుతోంది.

వెనక చెప్పుల చప్పుడైంది. గురువు భుజాన తువ్వాలుతో నిలబడి ఉన్నాడు.

"ఇవెందుకు తల్లీ?"

"నీళ్లు ఇంట్లోకి రాకుండా."

"ఎన్నాళ్లనుంచి పెడుతున్నావు?"

"రెండేళ్లుగా పెడుతున్నానండీ."

"అందుకే ఈ నీళ్లు మెట్లదాకా రాలేదు" అని ఆయన లోపలికి వెళ్లి స్నానం చేసి, పొడి పంచె కట్టుకుని, ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చున్నాడు. తలుపు తీసే ఉంచమన్నాడు.

పైన కుళాయిలు తిరిగాయి. కాసేపటికి తూము గుడగుడలాడింది. నల్లటి నీళ్లు ఆయన మడమలదాకా వచ్చాయి. వాటి మీద పప్పు పొట్టూ, కరివేపాకు రెబ్బలూ తేలుతున్నాయి. సామ్రాజ్యం కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని "లేవండి గురువుగారూ, మీకు దణ్ణం పెడతాను" అంది. ఆయన లేవలేదు. పాదపూజ ఇక్కడే చేయమని పైకి కబురు పెట్టాడు.

పిచ్చేశ్వరరావు పట్టుపంచెతో, వెండి పళ్లెం, వెండి చెంబు పట్టుకుని దిగాడు. వెనక సత్సంగం వాళ్లు దిగారు. గడప దగ్గర అందరూ ఒక్కసారిగా ఆగారు.

"అయ్యయ్యో, ఇదేం ఖర్మ! పైకి రండి గురువుగారూ. పీట వేసి ఉంచాం."

"ఇక్కడే కడుగు నాయనా."

"ఈ మురుగులోనా?"

"మురుగు అనకు. మీ ఇంటి నీళ్లే. పైన పప్పు ఇప్పుడే కడిగినట్టున్నారు."

పిచ్చేశ్వరరావు ముందుకు అడుగు వేయలేదు. పంచె అంచు పైకి పట్టుకుని, గడప అవతలనుంచే చెంబుతో నీళ్లు విసిరాడు. అవి పాదాలకు అందలేదు. గురువు వంగి, కాళ్ల దగ్గరి నీళ్లు దోసిట పట్టి అతని వైపు చాచాడు. గురువు పాదాలు కడిగిన నీళ్లు ఏటా మొదట పుచ్చుకునేది పిచ్చేశ్వరరావే.

"తీర్థం తీసుకో."

వెనక ఎవరో నవ్వు ఆపుకోలేక దగ్గారు. పిచ్చేశ్వరరావు మొహం కందగడ్డలా అయింది. "నలుగురిలో నన్ను నవ్వులపాలు చేయడానికి వచ్చారన్నమాట."

"నువ్వు పిలిస్తేనే వచ్చాను కదయ్యా."

పిచ్చేశ్వరరావు గిరుక్కున తిరిగాడు. సగం మెట్లెక్కి, అక్కడినుంచి అందరికీ వినపడేలా అన్నాడు. "భోజనాలకు అందరూ పైకి రండి. కింద వాసనగా ఉంది."

సామ్రాజ్యం ఆ మాట విన్నది. అంతవరకూ ఆమె ఏడుస్తోంది. కొంగుతో మొహం తుడుచుకుని పెరట్లోకి నడిచింది. మూలన పడి ఉన్న రుబ్బురోలు పొత్రానికి గోనెసంచి చుట్టింది. తలుపు కింది గుడ్డలన్నీ లాక్కొచ్చి దానిమీద మళ్లీ చుట్టింది. చాంబరు మూత పట్టుకుని పైకి లాగబోయింది.

"ఏం చేస్తున్నావే?" అన్నాడు శ్రీమన్నారాయణ.

"పట్టుకుంటే పట్టుకోండి. లేకపోతే అడ్డం లేవండి."

అతను ఒకసారి మెట్లవైపు చూశాడు. తర్వాత వచ్చి మూత రెండోపక్క పట్టుకున్నాడు.

చాంబరు అంచుదాకా నిండి ఉంది. పై వాటా గొట్టం వచ్చి పడే చోటు ఆమెకు తెలుసు. నేల మీద బోర్లా పడుకుని, చెయ్యి భుజందాకా ఆ నీళ్లలో పెట్టి, ఆ గొట్టం నోట్లో పొత్రం బిగించింది. అది ఊడి రాకుండా అవతలి గోడకూ దానికీ మధ్య కర్ర అడ్డం పెట్టింది. లేచేసరికి గురువు పెరటి కుళాయి దగ్గర కాళ్లు కడుక్కుంటున్నాడు.

"గురువుగారూ, ఇది నేను కోపంతోనే చేశాను."

"తెలుస్తూనే ఉంది. ఇటు రా, చెయ్యి కడుక్కో" అని ఆయన కుళాయి దగ్గర చోటిచ్చాడు.

పైన మొదటి బంతి లేచింది. వంటవాళ్లు గంగాళాలు కడిగారు. రెండో బంతిలో సాంబారు వడ్డిస్తుండగా బాత్‌రూమ్ గడప దాటి నీళ్లు హాల్లోకి వచ్చాయి. నేల మీద వేసిన విస్తళ్లు కదిలాయి. ఆడవాళ్లు చీరలు ఎత్తి పట్టుకుని లేచారు. పిచ్చేశ్వరరావు పిట్టగోడ మీదినుంచి వంగి అరిచాడు.

"సామ్రాజ్యం! ఏం చేశావ్?"

ఆమె పెరటి మధ్యకు వచ్చి తలెత్తి చూసింది. పెళ్లై వచ్చిన నాటినుంచి బావగారి మొహంలోకి చూసి మాట్లాడింది లేదు.

"కింద నీళ్లు బాగానే పోతున్నాయి బావగారూ."

"కొంప ముంచుతున్నావే! మున్సిపాలిటీకి చెబుతాను. కేసు పెడతాను!"

"పెట్టండి. వచ్చినవాళ్లు చూడాలంటే కిందికే రావాలి. నా కూతురు కుట్లు ఆరని ఒంటితో ఈ నీళ్లే తొక్కాలి గదా, మీరు పట్టుపంచెతో ఒక్కపూట తొక్కండి!"

రెండో బంతి వాళ్లు తినకుండానే మెట్లు దిగారు. దిగేవాళ్లలో కొందరు సామ్రాజ్యం వైపు చూడలేకపోయారు. కిందటి వారం నవ్వినవాళ్లు వాళ్లే.

సాయంత్రానికి పిచ్చేశ్వరరావే బాజీకి ఫోన్ చేశాడు. సగం డబ్బు కవర్లో పెట్టి భార్య చేత పంపాడు, తాను దిగలేదు. బాజీ ముందు చేతికి డబ్బు తీసుకుని, ఆ తర్వాతే పొత్రం తీశాడు. సోమవారం వంటింటి గచ్చు పగిలింది. లోపలినుంచి వచ్చిన గొట్టాల్లో ఒక్కటి కూడా పూర్తిగా లేదు. పని గురువారానికి కాలేదు. సామ్రాజ్యం ఆస్పత్రిలో బతిమాలి, వియ్యపురాలి చేత నాలుగు మాటలు పడి, శనివారం కూతుర్నీ మనవరాల్నీ ఇంటికి తెచ్చుకుంది. వంటింట్లో సిమెంటు ఇంకా పచ్చిగానే ఉంది. బాత్‌రూమ్ నేల మాత్రం పొడిగా ఉంది.

తర్వాత రెండు ఆదివారాలు గురువుకు పైనుంచి పిలుపు రాలేదు. మూడో వారం సామ్రాజ్యమే ఆయన ఇంటికి వెళ్లి, గుమ్మంలోనే నిలబడి చెప్పింది.

"లైను మారింది గురువుగారూ. నా కోపం మాత్రం ఇంకా పూర్తిగా పోలేదు. ఇంకో మాట. బావగారు కొత్త గురువుగార్ని పెట్టుకున్నారు. నిన్న మొదటి సత్సంగం. కోపం అన్ని పాపాలకూ మూలమని, మనిషికి ఓర్పు ఉండాలని మధ్యాహ్నందాకా చెప్పారంట. ఎంత బాగా చెప్పారంటే, హాల్లో అందరూ కళ్లు తుడుచుకున్నారంట."

చెంచురామయ్య ఆమె కూర్చోవడానికి పీట జరిపాడు.

"పైన కూర్చుని చెప్పాడా తల్లీ, కిందనా?" అన్నాడు.