అంచున పోసిన మట్టి

మస్తాన్ వలీ మాస్టారిని ఏదైనా అడిగి జవాబు రాబట్టడం అంత తేలిక కాదు. అడిగినవాడు ఎందుకు అడిగానా అనుకునేంతసేపు మౌనంగా ఉండి, ఆ తర్వాత కూడా జవాబు చెప్పకుండా లేచి ఏదో ఒక పని పురమాయించేవారు. ఆ పనిలో జవాబు దొరికితే అడిగినవాడి అదృష్టం. దొరక్కపోతే మళ్ళీ అడగడానికి మొహం చెల్లేది కాదు. ఖమ్మం పొలిమేరలో, మురుగు పైపుల కోసం కందకాలు తవ్వే కూలీలకు జాగ్రత్తలు నేర్పే శిక్షణ కేంద్రానికి ఆయన పెద్ద. ఆయన దగ్గర పాఠం చెప్పడం నేర్చుకుంటున్న వాసుదేవ్‌కి ఈ సంగతులన్నీ తెలుసు. తెలిసీ ఒక ఉదయం అడగనే అడిగాడు.

"మాస్టారూ, తవ్విన మట్టి అంచున పోయొద్దని చెప్తాను. తలూపుతారు. అడిగితే గడగడా అప్పజెప్తారు. బయటికెళ్ళి మళ్ళీ అంచునే పోస్తారు. వీళ్ళకి బుర్ర లేదా, నాకు చెప్పడం రాదా?"

ఆ ప్రశ్న వెనక ఒక చావు ఉంది. పోయిన వేసవిలో వాసుదేవ్ దగ్గర నేర్చుకుని వెళ్ళినవాడొకడు, మనిషి ఎత్తు మించిన కందకంలో ఉండగా గోడ విరిగి మట్టి కింద పోయాడు. అంచున బరువు పెరిగితే గోడ ఆగదని అతనికి తెలియక కాదు. పాఠం ముగిసిన రోజు అందరికంటే చక్కగా చెప్పింది అతనే. ఆస్పత్రి వరండాలో అతని భార్య ఎవరినీ తిట్టలేదు. "ఆ మట్టి నేనే పోసిన సారూ" అని మాత్రం అంది. అప్పటి నుంచి వాసుదేవ్‌కి తిండి సరిగా సయించడం లేదు. ఇప్పుడు తన చేతిలో ఉన్న జట్టు రేపే అలాంటి కందకంలోకి దిగబోతోంది.

మాస్టారు లేచి, "పద, పెరట్లో తవ్వకం ఎంతవరకు వచ్చిందో చూద్దాం" అన్నారు.

ఆ జట్టు వాళ్ళు పాలమూరు నుంచి వచ్చారు. వాళ్ళ పని ఎప్పుడూ జంటల లెక్కనే నడుస్తుంది. మొగుడు కింద గడ్డపారతో తవ్వి, పారతో తట్టకెత్తి, పైకి అందిస్తాడు. పెళ్ళాం ఆ తట్ట నెత్తిన పెట్టుకుని వెళ్ళి పోసి వస్తుంది. శిక్షణ కోసం తవ్విస్తున్న కందకం నడుము లోతే కాబట్టి, కూలినా ప్రాణాలకొచ్చే ముప్పు లేదు. అందులో కుర్మయ్య తవ్వుతున్నాడు. అతని భార్య బుచ్చమ్మ తట్ట ఎత్తుకుని మట్టి పోయాల్సిన చోటుకి హద్దుగా దూరంగా కట్టిన తాడు వైపు రెండడుగులు వేసిందో లేదో, కింద నుంచి కేక వినపడింది.

"యాడికి పోతున్నవే ఎండల? ఆడనే పొయ్యి!"

బుచ్చమ్మ ఆడనే పోసింది. పొద్దున్నుంచీ అలా పోసిన మట్టి అంచు మీద గుట్టగా లేచింది. చూశారా అన్నట్టు వాసుదేవ్ మాస్టారి వైపు తిరిగాడు. కోపమూ ఏడుపూ రెండూ కలిసి వచ్చాయతనికి.

మాస్టారు గుట్ట వైపు చూడను కూడా చూడలేదు. "కుర్మయ్యా, నువ్వు పైకి రా. అమ్మా బుచ్చమ్మా, కాసేపు నువ్వు దిగు తల్లీ" అన్నారు.

జట్టంతా నవ్వింది. ఆడమనిషి చేతికి గడ్డపార ఇస్తే చూడ్డానికి వాళ్ళకి వింతే మరి. కుర్మయ్య నవ్వుతూనే పైకొచ్చాడు. చుట్టకుదురు నెత్తిన ఎలా నిలపాలో తెలియక తిప్పలు పడుతుంటే పక్కనున్న ఆడవాళ్ళు ఎగతాళి చేశారు. బుచ్చమ్మ కొంగు బిగించి దిగింది. తవ్వడం ఆమెకేం కొత్త కాదని రెండు పోట్లలోనే తేలిపోయింది.

మొదటి తట్ట కుర్మయ్య పాత గుట్ట మీదే కుమ్మరించాడు. బుచ్చమ్మ వంగి మట్టి ఎత్తుతోంది. గుట్ట మీది నుంచి నాలుగు పెళ్ళలు దొర్లి ఆమె మెడ మీద, వీపు మీద పడ్డాయి. ఆమె తల కూడా ఎత్తలేదు. చేత్తో దులుపుకుని మళ్ళీ వంగింది. కుర్మయ్య మాత్రం ఖాళీ తట్టతో అక్కడే నిలబడిపోయాడు. ఇన్నేళ్ళలో అతను పైనుంచి కిందికి చూడటం ఇదే మొదటిసారి అయి ఉండాలి.

రెండో తట్ట అతను తాడు దాటి మోసుకెళ్ళాడు. మూడోదీ అంతే. ఎవరూ ఏమీ చెప్పలేదు.

"ఏందయ్యా, గంత దూరం ఎందుకు? నడుము పడిపోతది" అంది బుచ్చమ్మ కింద నుంచి.

"పడితే పడనీ. నువ్వు ఆ గోడ దిక్కు ఉండకు, ఇటు జరుగు."

తర్వాత అతను తట్ట పక్కన పడేసి, పార అందుకుని, పొద్దున్నుంచీ పోసిన గుట్టను అంచు నుంచి వెనక్కి లాగడం మొదలుపెట్టాడు. చెమటలు కారుతున్నా ఆగలేదు. ఇందాకటి నవ్వులు ఎప్పుడు ఆగాయో ఎవరూ గమనించలేదు. ఇంకో ఇద్దరు మగవాళ్ళు వచ్చి వాళ్ళ పారలూ వేశారు.

అంచు ఖాళీ అయ్యాక మాస్టారు వాళ్ళిద్దర్నీ మళ్ళీ మార్చారు. కుర్మయ్య కిందికి దిగి తట్ట నింపి అందించాడు. భార్య దాన్నెత్తుకుని తాడు వైపు నడవగానే అతని నోట అలవాటైన కేక వచ్చేసింది. "యాడికే, ఆడనే పొయ్యరాదు!"

బుచ్చమ్మ ఆగింది. "కింద ఉన్నప్పుడు ఎన్నడన్న పైకి సూసినవా?" అని అడిగింది. జవాబు కోసం ఆగకుండా తాడు దాటి వెళ్ళి పోసి వచ్చింది. కుర్మయ్య మెల్లగా తలెత్తి గోడ అంచు చూశాడు.

వాసుదేవ్ మాస్టారి వెంట ఆఫీసు గది దాకా వచ్చాడు. మనసు తేలికపడాల్సింది పోయి ఇంకా బరువెక్కింది. ఆస్పత్రి వరండాలో కూర్చున్న ఆ ఇల్లాలిని పాఠం జరిగినన్నాళ్ళూ తాను వెనక వరసలో కూర్చోబెట్టాడు. ఆమెను ఒక్క ప్రశ్న కూడా అడిగింది లేదు. గుమ్మం దగ్గర ఉండబట్టలేక అన్నాడు.

"నేను అంత చెప్తే విననివాళ్ళు, మీరు ఒక్క ముక్క చెప్పకుండానే ఎలా విన్నారు మాస్టారూ?"

మాస్టారు చెప్పులు విడిచారు. "నువ్వు ఎవరి ప్రాణం వాళ్ళకి గుర్తు చేశావయ్యా" అన్నారు. "తమ ప్రాణం గురించి ఆలోచించే తీరిక వాళ్ళకెక్కడిది?"