అవతలి వికెట్

కాకినాడ నాకౌట్ పోటీల్లో ఆ ఏడాది సెమీఫైనల్ నుంచి కొత్త ముచ్చట ఒకటి మొదలుపెట్టారు. మ్యాచ్‌లో అందరికన్నా బాగా ఆడినవాడికి విడిగా ఒక వెండి కప్పు. మొట్టమొదటిది శేషగిరికి దక్కింది.

గెలవడానికి అరవై ఎనిమిది పరుగులు కావాలి. అరవై ఒకటి అతనే చేశాడు. అతనితోపాటు మొదట దిగి చివరిదాకా నిలిచిన యోహాను చేసినవి నాలుగు. మిగతావి ఎక్స్‌ట్రాలు.

శేషగిరి ఆ కప్పును రోజుకు మూడుసార్లు తుడిచేవాడు. తుడిచినకొద్దీ అందులో తన మొహం ఇంకా బాగా కనిపించేది మరి. మూడోనాడు దాన్ని పట్టుకుని, తనకు ఆట నేర్పిన కరీముల్లా మాస్టారి దగ్గరికి వెళ్లాడు. ఆదివారం ఫైనల్లో యోహాను బదులు గట్టిగా కొట్టేవాణ్ణి ఎవరినైనా దించాలట. జట్టులో పేర్లు రాసేది మాస్టారే.

ఆయన బ్యాటు తెచ్చుకోమన్నారు.

మైదానంలో రెండు వైపులా వికెట్లు పాతించారు. జట్టువాళ్లను చుట్టూ నిలబెట్టారు. అవతలి వికెట్ దగ్గర శేషగిరికి జోడీగా మాత్రం ఎవరినీ పెట్టలేదు. బంతి తానే అందుకున్నారు.

"ఫోర్లు వద్దు. ఒక్క పరుగు తియ్యి, చాలు."

శేషగిరికి నవ్వొచ్చింది. బంతిని పక్కకు నెట్టి పరిగెత్తాడు. అవతలికి క్షేమంగానే చేరాడు. కానీ తను వదిలొచ్చిన వైపు ఎవరూ లేరు. కీపర్ తీరిగ్గా వికెట్లు పడగొట్టాడు.

"అవుట్" అన్నారు మాస్టారు.

ఎనిమిదిసార్లు పరిగెత్తాడు. చొక్కా తడిసి ముద్దయింది. పరుగు ఒక్కటీ రాలేదు.

"అవతల మనిషి లేకుండా పరుగెలా వస్తుంది మాస్టారూ?" అన్నాడు విసుగ్గా.

అన్నాక, ఆ మాట తనకే వినిపించింది.

తన అరవై ఒకటిలో ఫోర్లు ఏడు. మిగిలిన ముప్పై మూడు పరుగులూ యోహాను కూడా పరిగెత్తాడు. తను తొందరపడి పిలిచినప్పుడు కూడా ఆగలేదు. ఒకసారి మట్టిలో పడి మోచెయ్యి చీరుకుపోయినా, దులుపుకుని మళ్లీ నిలబడ్డాడు. ఈ మూడు రోజుల్లో ఆ మోచెయ్యి శేషగిరికి ఒక్కసారైనా గుర్తు రాలేదు.

అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. సిగ్గుపడ్డాడు, నిజమే. కానీ అలాంటివాడు తనకు జోడీగా దొరికినందుకు అంతకన్నా ఎక్కువ సంతోషం కలిగింది. కప్పు యోహానుకే ఇచ్చేస్తానన్నాడు.

"కప్పు నీదే. బాగా ఆడావు" అన్నారు మాస్టారు.

"మరి అతనికి నేనేం చెయ్యాలి?"

మాస్టారు బంతిని జేబులో వేసుకున్నారు.

"ఆదివారం వాడు కొట్టినప్పుడు పరిగెత్తు."