డ్రమ్ములో ఊరిమట్టి

గవరయ్య గురువుగారితో ఒక చిక్కుండేది. ఎవరేమడిగినా కూర్చున్నచోట కూర్చుని జవాబు చెప్పేవారు కాదు. "ఏదీ, చూపించు" అని లేచి చెప్పుల్లో కాళ్లు పెట్టేవారు. నాకు కోపమెందుకు వస్తుందండీ అని అడిగినవాడి వెంట వాళ్లింటికే వెళ్లి, ఆ పూట వాళ్ల వంటింట్లో పీట వేసుకుని కూర్చున్న మనిషి. అందుకే శిష్యులు ఆయన్ని ఏదైనా అడగాలంటే ముందు ఇల్లు ఊడ్చుకుని మరీ అడిగేవారు.

పల్లాలయ్య మాత్రం ఊడ్చుకోకుండానే అడిగేశాడు. "గురువుగారూ, ఇంట్లో పెంచుకునే మొక్కకి పేడెరువు మంచిదాండి, మందెరువు మంచిదాండి? మా ఇంట్లో దీని మీద కొట్టుకు చస్తన్నాం. మీరేదంటే అదేనండి."

పరమార్థం చెప్పే మనిషి దగ్గర పేడ ఊసేమిటని ఒకరిద్దరు మూతి ముడిచారు. గురువుగారు మాత్రం నవ్వలేదు. ఏ మొక్క గురించి అడుగుతున్నాడో ఆయనకు తెలుసు. "ఏదీ, చూపించు" అన్నారు.

గురువుగారూ శిష్యులూ అంతా ఒకే ఊరివాళ్లు. ఆ ఊరు ఇప్పుడు లేదు, ఆనకట్ట నీళ్ల కింద ఉంది. వాళ్లకి ఈ ఎర్రమొరం గుట్ట మీద వరసగా ఇళ్లు కట్టిచ్చారు. ఊరు వదిలిన రోజున జనం మంచాలూ బీరువాలూ ఎక్కించుకుంటుంటే, పల్లాలయ్య భార్య మంగాయమ్మ పెరట్లోని మల్లెపొదని వేళ్లతో సహా పెళ్లగించింది. పల్లాలయ్య ఒక నీలం డ్రమ్ముని సగానికి కోసి, దాన్నిండా పెరటి మట్టి ఎత్తాడు. ఏటి ఒండ్రు అది, నల్లగా వెన్నలా ఉండేది. ఆ మట్టిలో మల్లెని పెట్టి ట్రాక్టరెక్కించాడు.

ఇప్పుడు మంగాయమ్మ మంచం పట్టింది. ఇంక ఇంటికి తీసుకుపొమ్మని డాక్టర్లు చెప్పేశారు. ఆమె కోరిక ఒక్కటే. తనని మట్టి చేసేటప్పుడు తల్లో ఆ మల్లెలే ఉండాలి. బజారు పూలు పెట్టారంటే దయ్యమై వచ్చి పీక్కు తింటానని మొగుణ్ణి బెదిరించింది కూడా.

కానీ మల్లె పూయడం మానేసింది. ఆకులు పసుపెక్కాయి, అంచులు మాడాయి, వేసిన మొగ్గ వేసినట్టే రాలిపోతోంది. పల్లాలయ్య పేడ తెచ్చి వేశాడు. కొడుకు సూరిబాబు టౌన్లో ఎరువుల కొట్లో పనిచేస్తాడు, వాడు గుళికలు తెచ్చి వేశాడు. "మందేస్తే పువ్వుకి వాసన చచ్చిపోద్దిరా" అని తండ్రి. "నీ పేడ ఎప్పటికి కుళ్లి ఎరువవుద్ది నాన్నా, అప్పటిదాకా అమ్మ ఉంటదా?" అని కొడుకు. ఆ మాట నోరు జారాక ఇద్దరూ మాటలు మానేసి, ఒకరు అటు తిరగ్గానే ఇంకొకరు గుప్పెడు వేసెయ్యడం మొదలెట్టారు. ప్రేమే, కాదనడానికి లేదు. మనసు ఆగదు, నిజమే. చెయ్యి కూడా ఆగకపోతే ఎట్లాగండీ?

డ్రమ్ము మంగాయమ్మ కిటికీ కిందే ఉంది. గురువుగారిని వెంటబెట్టుకుని పల్లాలయ్య వచ్చిన అడుగుల చప్పుడు విని ఆమె లోపల్నుంచి "పూసిందా?" అంది.

"మొగ్గేసిందే. రేపో ఎల్లుండో పూసేద్ది" అన్నాడు పల్లాలయ్య. రోజూ చెప్పే అబద్ధమే అది.

గురువుగారు ఆకు చూడలేదు, ఎరువూ చూడలేదు. వంగి డ్రమ్ము అడుగు తడిమి, "దీనికి కన్నం లేదేంరా?" అన్నారు.

"ఉండేదండి. నేనే సిమెంటెట్టి మూసేశాను. మొదటిసారి నీళ్లు పోస్తే మట్టి కారిపోయిందండి, నల్లగా, ధారకట్టి. మన ఊరి మట్టి కదండీ. ఇంక గుప్పెడు కావాలన్నా ఎక్కడ దొరుకుద్ది?" చెబుతుంటే గొంతులో కాస్త గర్వం కూడా పలికింది.

గురువుగారు గునపం తెమ్మన్నారు. సూరిబాబు తెచ్చిచ్చాడు. పల్లాలయ్యకి సంగతి అర్థమై డ్రమ్ముకి అడ్డం పడ్డాడు. "వద్దండి, మీ కాళ్లట్టుకుంటాను. మట్టి పోద్దండి." అరవై దాటిన మనిషి, చంటిపిల్లాడిలా రెండు చేతులూ చాపి నిలబడ్డాడు.

గురువుగారు తొయ్యలేదు, నచ్చజెప్పనూ లేదు. గునపం పట్టుకుని ఊరికే నిలబడ్డారు. లోపల్నుంచి మళ్లీ "పూసిందా?" అని వినబడింది. ఈసారి అబద్ధం పల్లాలయ్య గొంతు దాటలేదు. చేతులు దించేశాడు. గునపం తనే తీసుకుని డ్రమ్ము అడుగున పొడిచాడు.

నల్లనీళ్లు బొళుక్కున బయటికొచ్చాయి. అబ్బా, ఆ కంపు! సూరిబాబు తువ్వాలు ముక్కుకి అడ్డం పెట్టుకున్నాడు. నీళ్లు ఎంతసేపటికీ ఆగవు. డ్రమ్ము బోర్లించి చూస్తే పల్లాలయ్య వేసిన పేడ పులిసి ముద్దకట్టి ఉంది, దాని పక్కనే సూరిబాబు గుళికలు ఉప్పులా పేరుకుని ఉన్నాయి. మల్లె వేళ్లు కుళ్లిపోయి, పట్టుకుంటే తోలు ఊడొచ్చింది. తినడానికి మొక్కకి నోరే లేకపోతే, తండ్రీకొడుకులిద్దరూ ఎవరి వంట బాగుందని పోట్లాడుకున్నారన్నమాట.

"నేనే ముంచేశానండి" అన్నాడు పల్లాలయ్య. "ఊరిని ఎవరెవరో ముంచారు. దీన్ని నేనే ముంచేశాను." కిటికీ దగ్గరికి వెళ్లి ఊచలు పట్టుకుని, "పూయలేదే. చచ్చిపోయింది" అని చెప్పాడు.

లోపల్నుంచి మంగాయమ్మ, "తెలుసులే. కంపు నాకెప్పట్నుంచో కొడతానే ఉంది. నువ్వు మొగ్గేసిందంటుంటే వినాలనిపించి అడుగుతున్నాను" అంది. పల్లాలయ్య ఊచలకి తల ఆనించి వెక్కి వెక్కి ఏడ్చాడు. సూరిబాబు వెళ్లి తండ్రి భుజం మీద చెయ్యి వేశాడు.

ఈలోగా గురువుగారు ఒక్కొక్క కొమ్మా గోటితో గీకి చూస్తున్నారు. అన్నీ గోధుమరంగులో ఎండిపోయి ఉన్నాయి. ఒక్క రెమ్మ మాత్రం గీరితే పచ్చగా కనిపించింది. దాన్ని తుంచి, ఆకులు దూసి, కిటికీ కింద గునపంతో ఎర్రమొరం తవ్వడం మొదలెట్టారు. నేల రాయిలా ఉంది. పొడిచినప్పుడల్లా గునపం ఖంగుమంటోంది.

పల్లాలయ్య కళ్లు తుడుచుకుని చూశాడు. ఆయన చేస్తున్నదేమిటో తెలిసింది. "ఆ మొరంలోనాండి? ఎంత ఎరువేసినా అందులో ఏం బతుకుద్దండి? ఇది మన మట్టి కాదండి గురువుగారూ."

గురువుగారు రెమ్మని గుంటలో నిలిపి, చుట్టూ మొరం కప్పి, అరచేత్తో అదిమారు. కిటికీ వైపు ఒకసారి చూసి, లోపలికి వినబడకుండా గొంతు తగ్గించారు.

"మరి మంగాయమ్మని ఏ మట్టిలో పెడదామనుకున్నావురా?"