ద్రాక్ష పిప్పి ఎవరిది?

“పిప్పి మొత్తం మీదే. నాకు దాంతో పనిలేదు. మీ మనవల దాకా అది మీదే.”

కొండమీద వైను చేసే ఎలుగుబంటి నరసప్ప ఈ మాట అన్నప్పుడు గాడిదలన్నీ విన్నాయి. దిగువ తోట నుంచి పైనున్న తొట్ల దాకా ద్రాక్ష బుట్టలు మోసినందుకు వాటికి ముట్టే కూలి అదొక్కటే. రసం పిండాక మిగిలే తొక్కలూ గింజలూ రెండు రోజుల్లో పులిసి కంపు కొడతాయి. వాగులో పడితే చేపలు చచ్చి తేలతాయి. చెత్త ఎత్తిపోసుకునే శ్రమ తప్పిందని నరసప్ప లోలోపల నవ్వుకున్నాడు. ఆ నవ్వును ఓబులేసు అనే గాడిద ఒక్కడే పసిగట్టాడు.

ఆ పిప్పికి విలువ తెచ్చింది ఉడుత తులశమ్మ. ఆమె దాచుకునే వేరుశనగ పప్పు ఏటా ఎండలు ముదిరేసరికి మక్కిపోయేది. ఒక ఏడు ద్రాక్ష తొక్కలు కలిసిన కుండలో పప్పు మాత్రం కొత్తగానే ఉంది. తొక్కల్లోని వగరే దాన్ని కాపాడిందని ఆమె గ్రహించింది. అప్పటి నుంచి ఓబులేసు తెచ్చిన తాజా పిప్పిని అదే రోజు నిమ్మరసం, బెల్లం కలిపిన గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, వడగట్టి, నీడన చిక్కబరిచి, ఆ పాకాన్ని పప్పుకు పట్టించేది. పప్పులో సగం గాడిదలది. గడ్డి దొరకని ఎండాకాలంలో వాటి పిల్లలు బతికింది దానిమీదే.

ఈ సంగతి పిచ్చుకల నోట కొండెక్కింది. నరసప్ప దిగివచ్చాడు.

“పిప్పి ఇచ్చాను. అందులోని వగరు ఇచ్చానని ఎప్పుడన్నాను ఓబులేసూ?”

“వగరు తీసేస్తే మిగిలేది చెత్తే కదా దొరా.”

“ఆ చెత్త మీదే. మీ మనవల దాకా.”

మర్నాడు ఓబులేసు తోట గోడ నిండా ‘మోసేవాడిదే పిప్పి’ అని బొగ్గుతో రాశాడు. శ్రమ గురించీ, దోపిడీ గురించీ గంటసేపు మాట్లాడాడు. దారిన పోయే బర్రెలు నెమరువేస్తూ విని ఇళ్లకు పోయాయి. పిప్పి మాత్రం నరసప్ప కొట్లోకి పోయింది.

తర్వాత నరసప్ప తులశమ్మను పిలిపించి పాకం చేసే పద్ధతి అడిగాడు. ఆమె నిమ్మకాయల లెక్కతో సహా ఏదీ దాచకుండా చెప్పింది. ఓబులేసుకు ఒళ్లు మండింది.

“అంతా చెప్పేశావేంటి అత్తా?”

“వాడు నమ్మితే కదా అల్లుడూ.”

నరసప్ప నమ్మలేదు. నిమ్మకాయా బెల్లంతో అయ్యే పనైతే ఇంతకాలం తనకు తట్టదా? ముసలిది అసలు మందు దాచిందనుకున్నాడు. పట్నం నుంచి ముక్కు మూసుకుంటే తప్ప దగ్గరికి పోలేని ద్రావకం డబ్బాలు తెప్పించాడు. పిప్పి నాలుగు రోజులు కొట్లో మగ్గాక, దాన్ని అందులో పోసి మరిగించాడు. గంటలో నల్లటి ముద్ద దిగింది. దాన్ని తాను దాచుకున్న పప్పంతటికీ పట్టించి, కుండల మీద మూతలు బిగించి నిద్రపోయాడు.

చైత్రంలో మూతలు తీశాడు. ఆ వాసనకు తానే నాలుగడుగులు వెనక్కి వేశాడు. చీమలు సైతం ఆ కుండల్ని తప్పించుకుని నడిచాయి. ఆ ఎండాకాలం గాడిద పిల్లలు ఎండుపుల్లలు నమిలాయి. నరసప్ప కూడా నమిలాడు.

మళ్లీ తోట పండింది. బుట్టలు మోసేవాళ్లు కావాలి. నరసప్ప పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతూ వచ్చి, జరిగిందేదో జరిగిందనీ, పిప్పి సంగతి తర్వాత చూద్దామనీ అన్నాడు. ఒక్క గాడిదా లేవలేదు. ఈసారి ఓబులేసు ఉపన్యాసం ఇవ్వలేదు.

మాట తప్పేవాడికి ఎదుటివాళ్ల నిజం కూడా మోసంలాగే వినిపిస్తుంది.

“వగరుతో సహా పిప్పి మాదేనని అందరి ముందూ ఒప్పుకుంటావా, లేదా? ద్రాక్ష తీగమీదే కుళ్లినా సరే, అప్పటిదాకా బుట్ట లేవదు,” అన్నాడు ఓబులేసు. “జవాబు ఫాల్గుణ పౌర్ణమిలోగా చెప్పు.”