నాంచారి పిలిస్తే కుక్క తల వాల్చింది

ఒకప్పుడు కుక్క తల మేకు దిగ్గొట్టినట్టు నిటారుగా ఉండేది. అటు వాలేది కాదు, ఇటు వాలేది కాదు. ఎవరైనా ఎదురుపడితే సూటిగా చూసేది, లేదంటే సూటిగా పారిపోయేది. ఈ రెండూ కాక మూడో సంగతి దానికి తెలీదు.

కొల్లేరు ఇప్పటికి పదింతలున్న కాలం అది. ఆ ఒడ్డున నాంచారి అని బాతులు మేపుకునే ఆవిడ ఉండేది. ఆవిడ మంద ఎంత పెద్దదంటే, ముందు నడిచే బాతు దారిలో గుడ్డు పెడితే, అది పొదగబడి, పిల్లయి, పెద్దదై, తానూ ఒక గుడ్డు పెట్టాక గాని చివరి బాతు అక్కడికి చేరేది కాదు. ఆవిడ ఒక్క కేక పెడితే అవతలి ఒడ్డు మీది మబ్బు పక్కకి తప్పుకునేది. ఇందులో ఒక్క ముక్క ఎక్కువ చెప్పింది లేదు. అనుమానమైతే వెళ్ళి కొల్లేటినే అడగండి.

ఇంత పనితనానికీ ఆధారం ఆవిడ చేతిలోని వెదురు గడ. తాటిచెట్టంత పొడవు, కొసన ఒక ఎర్ర గుడ్డపేలిక. బాతుల్ని మేపేవాళ్ళు ముందు నడవరు, వెనక నడుస్తారు. గడ ఎడమకి చాపితే మంద కుడికి తిరుగుతుంది, కుడికి చాపితే ఎడమకి తిరుగుతుంది. నాంచారి నడక నేర్చిన నాడు ఆ గడ పట్టింది, మళ్ళీ దించలేదు. అన్నం తిన్నా ఒక చేత్తోనే, జుట్టు ముడేసుకున్నా ఒక చేత్తోనే. చివరికి చేతిలో గడ ఉందన్న మాటే మరిచిపోయింది. మన మొహాన ముక్కుందని మనం రోజూ తలుచుకుంటామా, అలాగన్నమాట.

అంతటి నాంచారికి ఒక కష్టం వచ్చిపడింది. ఎక్కడినుంచో ఒక నక్క దిగింది. పొద్దు వాలగానే రావడం, దడి కిందనుంచి దూరడం, ఒక బాతుని నోట కరుచుకుని పోవడం. ఆవిడ కేకకి మబ్బులు తప్పుకున్నాయి గాని నక్క తప్పుకోలేదు. పైగా పోతూ పోతూ, ఇవాళ గొంతు కాస్త బొంగురుపోయినట్టుంది, శొంఠి నాలిక మీద వేసుకోమని చెప్పి మరీ పోయేది.

ఇలాగే సాగితే వానలు పడేలోగా దడిలో ఈకలు తప్ప ఏమీ మిగలవు. నాంచారికి బాతులు తప్ప ఇంకెవరూ లేరు.

అప్పుడు మందకి పెద్దయిన బొల్లి బాతు ఒక ఉపాయం చెప్పింది. అదిగో ఒడ్డున ఆ జమ్ముగడ్డిలో ఒక చిన్న కుక్క ఉందట. చూడ్డానికి పిడికెడంతే గాని, అది మొరిగితే నక్కలకి కాళ్ళలో బలం ఉండదట. దాన్ని తెచ్చుకుని దడి దగ్గర పెట్టుకోమంది.

“అదెంత పని. ఇంత మందని తోలేదాన్ని, పిడికెడు కుక్కని తోలలేనా?” అంది నాంచారి.

తెల్లారగానే జమ్ములోకి వెళ్ళింది. కుక్క కనబడింది. చిన్నది, బక్కది, గోధుమ రంగుది. నాంచారి పద్ధతి ప్రకారం దాని వెనక్కి చేరి గడ చాపింది. కుక్క ముందుకి ఉరికింది. సరే, బాగానే నడుస్తోంది అనుకుని ఈవిడ వెనకాలే నడిచింది. కుక్క ఇంకా ఉరికింది. ఆవిడ ఇంకా నడిచింది. ఇద్దరూ కొల్లేరు చుట్టూ అదే పనిగా తిరుగుతుంటే, పైనుంచి చూస్తున్న సూర్యుడికి కళ్ళు తిరిగి, ఆ రోజు పడమరకి పోవలసినవాడు కాసేపు ఉత్తరానికి పోయాడు.

నాంచారికి ఏమీ అర్థం కాలేదు. బాతునైతే ఎంత తోలితే అంత ఇంటికి దగ్గరవుతుంది. ఈ కుక్క ఏమిటో, ఎంత తోలితే అంత దూరమవుతోంది.

గాలి అటుగా వచ్చి, కాసేపు చూసి అడిగింది.

“ఏమ్మా నాంచారీ, ఆ కుక్కని తెచ్చుకుంటున్నావా, పంపించేస్తున్నావా?”

“తెచ్చుకుంటున్నాను.”

“అలాగా,” అంది గాలి. దానికీ ఏమీ అర్థం కాలేదు. ఎటు వీయాలో తెలీక రెండు వైపులా వీచి వెళ్ళిపోయింది.

మర్నాడు నాంచారి ఇంకో దారి పట్టింది. వెనక నుంచి కాకుండా ముందునుంచి వెళ్ళింది. ఒక చేతిలో మంచి ఎండుచేప. గొంతు నిండా బెల్లం. రా నాయనా, రా నా తండ్రీ, నీకు చేప పెడతాను, గోనెపట్టా పరుస్తాను అని పిలిచింది.

కుక్క ఆగింది. పారిపోలేదు, రాలేదు. దాని రెండు చెవులకీ గొడవ మొదలైంది.

రమ్మంటోంది, వెళ్దాం పద అంది ఎడమ చెవి. ఎక్కడ రమ్మంటోంది, పొమ్మంటోంది, వినబడటం లేదా అంది కుడి చెవి. నువ్వు చెవిటిదానివంటే నువ్వు చెవిటిదానివని రెండూ తిట్టుకున్నాయి. ఎడమ చెవి తన వైపు లాగింది. నిటారు తల మొట్టమొదటిసారి ఎడమకి వాలింది. కుడి చెవి ఊరుకుంటుందా, అది తన వైపు గుంజింది. తల కుడికి వాలింది.

కుక్కకి బుర్ర తిరిగిపోయింది. ఇక ఆవిడనే అడిగింది.

“అమ్మా, నువ్వొక్కదానివా, ఇద్దరా?”

“ఒక్కదాన్నే నాయనా.”

“మరి ఒకరు రమ్మంటున్నారు, ఒకరు పొమ్మంటున్నారు. ఆ పొమ్మనేది ఎవరు?”

నాంచారి ఉలిక్కిపడి, వెనకాల ఎవరున్నారా అని గిరుక్కున తిరిగింది. ఆవిడతో పాటు తాటిచెట్టంత గడా తిరిగింది. కుక్క నెత్తిమీద నుంచి సర్రున పోయింది. మళ్ళీ చూసేసరికి కుక్క లేదు, జమ్ము ఊగుతోంది.

ఆవిడ ఇంటికొచ్చి బాతుల్ని కూర్చోబెట్టి విచారించింది. నా వెంట తిరుగుతూ ఆ కుక్కని పొమ్మంటున్నది ఎవరని అడిగింది. బాతులు ఒకదాని మొహం ఒకటి చూసుకున్నాయి.

“మాకేం తెలుసు తల్లీ,” అంది బొల్లి బాతు. “నువ్వెప్పుడూ మా వెనకే ఉంటావు. అసలు నీ మొహం ఎలా ఉంటుందో మేము సరిగా చూసిందే లేదు.”

నాంచారికి ఆ మాట ఎక్కడో గుచ్చుకుంది. ఎందుకు గుచ్చుకుందో మాత్రం తెలియలేదు.

ఆ మర్నాడు సాయంత్రం మళ్ళీ జమ్ము గట్టున నిలబడి కుక్కని పిలుస్తూ ఉండగా, దడిలో గోల లేచింది. నక్క దూరింది. ఈసారి అది పట్టుకున్నది బొల్లి బాతునే. తోక పట్టి బయటికి ఈడ్చుకొస్తోంది.

నాంచారి పరుగెత్తలేదు. అంత సమయం లేదు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి గడని చేతిలోంచి వదిలింది. విసిరిన విసురుకి గాలి చిరిగి రెండు పేలికలైంది. దెబ్బకి నక్క బాతుని వదిలేసింది. తోక ఈకలు మాత్రం దాని నోట్లోనే ఉండిపోయాయి. గడ తగిలిన ఊపుకి వెనక్కి ఎగిరొచ్చి జమ్ము పక్కన బురదలో పడింది. నక్క గట్టు వెనక్కి వెళ్ళి కూర్చుంది. పోలేదు.

నాంచారి తన దగ్గరికి పరుగెత్తుకొచ్చిన బాతుని ఒళ్ళో పెట్టుకుని బురదలోనే చతికిలబడింది. కుక్కని పిలవడం మాటే మరిచిపోయింది. ఒక చెయ్యి పక్కకి ఊరికే వేలాడుతోంది.

వెనకాల జమ్ము కదిలింది.

కుక్క. ఒక అడుగు వేసింది. ఆగింది. ఇంకో అడుగు వేసింది. చెవులు రెండూ గొడవ మానేసి నోరు మూసుకున్నాయి.

అంతలో నక్క గట్టు దిగి రావడం కనబడింది. నాంచారి చెయ్యి దానంతటదే గడ మీదికి పోయింది. కుక్క అడుగు ఆగిపోయింది. తల ఒక పక్కకి వాలింది.

నాంచారి అది ఓరకంట చూసింది. చెయ్యి వెనక్కి తీసుకుంది. కుక్క తల నిటారైంది. మళ్ళీ గడ ముట్టుకుంది. తల మళ్ళీ వాలింది.

గడ వైపు చూసింది, తన చెయ్యి వైపు చూసింది. అప్పటికి గాని తెలిసిరాలేదు.

“పొమ్మంటున్నది నేనేనా?” అంది నాంచారి మెల్లిగా.

నక్క దగ్గరికొచ్చేస్తోంది. గడ అందుకుంటే నక్క ఇవాళ్టికి పోతుంది, రేపు వస్తుంది. కుక్క మాత్రం ఇక ఎప్పటికీ రాదు. గడ అందుకోకపోతే, ఒళ్ళో బాతు ఉంది, చేతులు ఖాళీ.

నాంచారి కాలితో ఒక్క తోపు తోసింది. గడ జారి నీళ్ళలో పడి, ఎర్ర పేలిక ఊపుకుంటూ కొట్టుకుపోయింది. ఆవిడ అరచెయ్యి తెరిచి మోకాలి మీద పెట్టుకుంది. రమ్మని అనలేదు. కుక్క వైపు తిరగనూ లేదు.

చల్లగా, తడిగా, ఒక ముక్కు వచ్చి అరచేతికి ఆనింది. చేప వాసన చూసింది, ఈకల వాసన చూసింది. వెదురు వాసన తగలగానే గట్టిగా తుమ్మింది.

“పొమ్మన్నది ఎటు పోయింది?” అని అడిగింది.

“నీళ్ళలోకి పోయింది నాయనా.”

కుక్క వచ్చి ఆవిడ ముందు నిలబడి, నక్క వైపు తిరిగి మొరిగింది. ఏం మొరుగు అది! కొల్లేట్లో చేపలు ఒడ్డుకి దూకాయి, మొన్న ఉత్తరానికి తప్పిపోయిన సూర్యుడు ఈసారి గబగబా పడమరకే పరుగెత్తాడు. నక్క పరుగు అందుకుని, సముద్రం అడ్డం వచ్చాక గాని ఆగలేదు. అప్పటికీ ఈదుదామా అని కాసేపు ఆలోచించిందట.

మర్నాటినుంచి మంద ముందు నాంచారి నడిచింది, వెనక కుక్క నడిచింది. నీ మొహం బాగానే ఉంది తల్లీ, ఇన్నాళ్ళూ ఎందుకు దాచావంది తోక లేని బొల్లి బాతు.

కుక్క నాంచారిని నమ్మింది. కాని మనుషులు ఒక్కొక్కరూ ఇద్దరుగా ఉండగలరన్న సంగతి మరిచిపోలేదు. అప్పటినుంచే, ఎంత ప్రేమగా పిలిచినా సరే, కుక్క ముందు తల ఒక పక్కకి వాలుస్తుంది, ఆ తర్వాత రెండో పక్కకి వాలుస్తుంది. మన నోరు చెప్పేది ఒక చెవితో, మన చెయ్యి చెప్పేది ఇంకో చెవితో వింటుంది. అప్పటికీ తేలకపోతే తడి ముక్కు తెచ్చి మన అరచేతికి ఆనించి, పొమ్మన్నది ఎటు పోయిందని అడుగుతుంది.